బెల్టుకి సెలవిచ్చిన రోజు

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆగిపోయింది అనడం మర్యాద కోసం. నిజానికి ఏడో తరగతిలో నేను రెండేళ్ళున్నాను, మూడో ఏడూ ఉంటానంటే హెడ్మాస్టరే చేతులు జోడించాడు. అలాంటివాణ్ణి, పెద్ద పెద్ద ఇంజనీర్లు జుట్టంతా ఊడగొట్టుకున్నాక గాని చేరలేని పద్నాలుగో అంతస్తు మూల గదికి, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చేరుకున్నాను. బయటి వైపు నుంచి. సబ్బునీళ్ళ బకెట్‌తో. లోపల కూర్చున్న పెద్దమనిషి నన్ను చూసి ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు. నేను నా అద్దం తుడిచేసి, ఆయన బల్ల మీది మరక చూపించి, "అది లోపలి వైపు, నా డ్యూటీ కాదు" అని సైగ చేసి కిందికి దిగిపోయాను.

బెంగళూరులో గాజు భవనాలు మొలవడం మొదలైనప్పటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా అదే నా ఉద్యోగం. తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడవడం. మా పనిలో రిటైరయితే పూలదండలూ ఉపన్యాసాలూ ఉండవు. ఒక రోజు పొద్దున మోకాళ్ళే "ఇంక చాలు" అంటాయి. అదే వీడ్కోలు సభ.

ఇది రెండు రకాల పిల్లల కోసం రాస్తున్నాను. మా పనిలో కొత్తగా చేరి తాడు మీద దిగుతున్న పిల్లలు ఒక రకం. ఆ అద్దాల వెనక చల్లగా కూర్చుని కంప్యూటర్లలో ఆటలు తయారుచేసే పిల్లలు మరో రకం. మధ్యలో ఒక అద్దమే అడ్డం. మీరు ఒకరినొకరు రోజూ చూసుకుంటూనే ఉంటారు, ఎప్పుడూ మాట్లాడుకోరు. నా జతగాడికి జరిగింది మీ ఇద్దరికీ తెలిస్తే మంచిదనిపించింది.

మా పని జంటల పని. పక్కపక్క తాళ్ళ మీద ఇద్దరు దిగుతారు. ఒకరి మీద ఒకరికి ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి. ఒక్కొక్కరికి రెండు తాళ్ళు. ఒకటి కూర్చునే తాడు, చిన్న పలక మీద కూర్చుని దాని మీద దిగుతాం. రెండోది ఊరికే వెంట వస్తుంది, మొదటిది తెగితే పట్టుకోవడానికి. దాన్ని ప్రాణం తాడు అంటాం. నడుముకీ తొడలకీ బెల్టు, దాన్ని తాడుకి తగిలించే కొక్కెం, తాడు కొంచెం కొంచెం వదలడానికి ఒక పిడి. ఇంతే, ఇంకేమీ అక్కర్లేదు. మిగతాది సబ్బు.

నా జతగాడు నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఇద్దరం బెంగళూరు పాతబజారు బళేపేట సందుల్లో పుట్టినవాళ్ళమే. వాళ్ళ నాయన గాజుల అంగట్లో, మా నాయన తాళాలూ బోల్టులూ అమ్మే అంగట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, గొడవ పడితే రెండూ. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను అప్పా అంటాడు. నేను రోజంతా వాగుతాను, ఆయన రోజంతా వింటాడు. అలా మా జోడీ ఇన్నేళ్ళు చెడలేదు.

పైనుంచి అంచు దాటే ముందు ఎవరికి తోచిన దేవుడికి వాళ్ళు దండం పెట్టుకుంటారు. ఆయన మాత్రం ఆవు మెడ నిమిరినట్టు తాడుని ఒకసారి నిమిరి, "పోదాం" అనేవాడు. భవనం వైపు తిరిగి, వీపుని గాలికి వదిలి, వెనక్కి వాలి కూర్చునేవాడు. చూసేవాళ్ళకి గుండె జారుతుంది. ఆయనకి అది మన ఇంట్లో మంచం మీద కూర్చోవడం లాంటిది. మధ్యాహ్నం పిట్టగోడ మీద కాళ్ళు బయటికి వేలాడేసుకుని తినేవాడు. గద్దలు మా కాళ్ళ కింద తిరిగేవి. ఆయన చపాతీ ముక్కలు విసిరితే గాలిలోనే అందుకునేవి. "పిల్లోళ్ళు వచ్చినారు" అనేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మా పనిలో 'పడటం' అనే మాట ఎవ్వరూ అనరు. వైపర్ జారితే "కిందికి పోయింది" అంటాం. మనిషి గురించి ఆ మాట అసలు ఎత్తం. ఎవరు పెట్టారో తెలీదు, అందరం పాటించాం.

ఒక ఏడు దసరాకి ఒక మాల్ అద్దాలు తుడిచే పని మాకు వచ్చింది. బెంగళూరులో ఆయుధపూజ అంటే తెలుసు కదా, ఆటో నుంచి ఇస్త్రీపెట్టె దాకా అన్నిటికీ బొట్టే. మాల్ మిద్దె మీద మా తాళ్ళు చుట్టలు చుట్టి, బెల్టులు వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టాం. బొరుగులూ అరటిపండ్లూ పంచుకున్నాం. మా సూపర్వైజరు గుంటూరు వైపు మనిషి, మొదట్లో ఇదంతా చూసి నవ్వేవాడు, ఆ ఏటికి తనే తన హెల్మెట్‌కి బొట్టు పెట్టుకునేదాకా వచ్చాడు. మా పద్ధతేమంటే, పూజ చేసిన బెల్టుని ఆ రోజు ఒంటికి తగిలించకూడదు. దానికి సెలవు. దాంతోపాటు మనకీ.

సెలవున్న మగవాళ్ళు మాల్‌లో ఏం చేస్తారు? మూడో అంతస్తులో ఆటల సెంటర్ ఒకటుంది. కళ్ళకి ఒక నల్లటి డబ్బా కట్టుకుంటే ఇంకో లోకం కనిపించే ఆటలు. ఓనరు ఆ డబ్బాలకి కూడా కుంకుమ బొట్లు పెట్టించాడు. కౌంటర్ దగ్గర విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి, జడలో మల్లెపూలు, మమ్మల్ని చూడగానే పిలిచింది.

"రండి అంకుల్, ఈ రోజు బిల్డింగ్ స్టాఫ్ అందరికీ ఫ్రీ! పలక గేమ్ ట్రై చేయండి, సూపర్ ఉంటది."

ఆ ఆట ఏమిటంటే, కింద కార్పెట్ మీద నిజంగానే ఒక చెక్క పలక వేసి ఉంటుంది. నాలుగు వేళ్ళ మందం. డబ్బా కట్టుకున్నవాడికి మాత్రం అది ఆకాశమంత భవనం చివర నుంచి గాల్లోకి పొడుచుకొచ్చిన పలక. కింద వీధి, చీమల్లాంటి కార్లు. చివరిదాకా నడిచి వెనక్కి రావాలి.

ముందు సూపర్వైజరు వెళ్ళాడు. రెండడుగులు వేసి, "అమ్మో" అని మోకాళ్ళ మీద కూలబడి, కార్పెట్‌ని కావలించుకున్నాడు. మా అందరికీ రోజూ సేఫ్టీ పాఠాలు చెప్పే మనిషి.

"సార్, హెల్మెట్ ఇమ్మంటారా?" అన్నాను.

"నోరు ముయ్యవయ్యా బాబూ, నువ్వెక్కి చూడు తెలుస్తుంది."

నా కళ్ళజోడు మీద ఆ డబ్బా కూర్చోలేదు. అలా తప్పించుకున్నాను. అందరం నా జతగాణ్ణి ముందుకు తోశాం. ఆయన సిగ్గుపడుతూ కట్టుకున్నాడు. పలక మీద ఎలా నడిచాడంటారు? పాలు తేవడానికి వీధి చివరికి వెళ్ళినట్టు నడిచాడు. చుట్టూ జనం చేరి చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి, "అంకుల్, ఇంతవరకు ఎవరూ ఇలా వెళ్ళలేదు!" అని అరిచింది.

అంతటితో వెనక్కి వచ్చేస్తే ఈ కథే లేదు.

పలక చివర నిలబడ్డాడు. అంచు దగ్గర నిలబడితే ఆయన ఒళ్ళు రోజూ ఏం చేస్తుందో అదే చేసింది. భవనం వైపు తిరిగాడు. పక్కకి చెయ్యి చాపి, గాల్లో లేని తాడుని ఒకసారి నిమిరాడు. "పోదాం" అన్నాడు. వెనక్కి వాలి కూర్చున్నాడు.

అక్కడ ఏమీ లేదు.

ధబ్బున వెల్లకిలా కార్పెట్‌కి తగిలాడు. మేమందరం విరగబడి నవ్వాం. డబ్బా లోపల ఆయన ఇంకా పోతూనే ఉన్నాడని మాకేం తెలుసు? రెండు చేతులూ గాలిని పట్టుకుని గుంజుతున్నాయి. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. నేనే వంగి డబ్బా తీశాను.

"అన్నా, కార్పెట్ మీద ఉండావు. లే."

ఆయన అరచేత్తో కార్పెట్‌ని తడిమి చూశాడు. మా మొహాలు చూశాడు. ఆయన కూడా నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా, అందరూ నవ్వుతున్నారు కాబట్టి నవ్వినట్టు.

"నేల తగల్లేదప్పా" అన్నాడు.

ఆ అమ్మాయి వివరించింది. "గ్రౌండ్ టచ్ అయ్యే ముందే స్క్రీన్ బ్లాక్ అయిపోద్ది అంకుల్. తగిలినట్టు చూపిస్తే కొంతమంది భయపడతారని కంపెనీ వాళ్ళే అట్లా పెట్టారు."

మంచి ఉద్దేశమే. ఆటలు తయారుచేసే పిల్లల్ని నేను తప్పు పట్టడం లేదు.

మర్నాడు పనిలోకి వచ్చాం. ఆయన కొక్కెం తగిలించాడు, లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. ఒకసారి లాగి చూడటం మా పద్ధతి. రెండుసార్లు కొత్తవాళ్ళ పద్ధతి. ఆయన దిగడం మొదలుపెట్టాక కూడా ఆగి ఆగి నడుము తడుముకున్నాడు. నేను, "ఏమన్నా, జేబులో లాటరీ టికెట్ ఉండాదా?" అన్నాను. నవ్వలేదు. మధ్యాహ్నం పిట్టగోడ మీద కూర్చోలేదు, మెట్ల గది నీడలో గోడకి ఆనుకుని తిన్నాడు. గద్దలు వచ్చి తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. నేను చపాతీ విసిరితే అందుకోలేదు, ఆయన చెయ్యి వాటికి అలవాటు.

వాళ్ళది బళేపేటలో పాత కట్టడం, మూడో మిద్దె మీద ఇల్లు. బయటి వైపు ఇనుప మెట్లు, సందుల్లోంచి కింద అంగళ్ళు కనిపిస్తాయి. ఒక ఆదివారం వాళ్ళింటికి పోతే వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఏమప్పా, మీ అన్నకి పనిలో ఏమన్నా అయ్యిందా?"

"ఏం లేదు వదినా, ఏంటికి?"

"మెట్లెక్కేటప్పుడు రెండు చేతులా గోడ పట్టుకుంటాండాడు. అడిగితే కాళ్ళ నొప్పి అంటాడు. కాళ్ళ నొప్పికి కండ్లు మూసుకుని ఎక్కుతారా ఎవురన్నా?"

ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను. మెట్టుకున్న తుప్పుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆయన ఏదైనా పెద్ద మాట అనడానికి ముందు ఏదో ఒకటి గీకుతాడు.

"ఇన్నేండ్లు పైన ఉంటిమి కదప్పా, ఎప్పుడన్నా కిందికి పోయినామా?"

"లేదన్నా."

"అదే. ఎట్లుంటుందో తెల్లేదు. ఇప్పుడు తెలిసిపోయింది."

ఇరవై ఏళ్ళుగా ఆయనకి భయం లేదంటే ధైర్యమనే అనుకున్నాం అందరం. ఎత్తు మాత్రమే ఆయనకి తెలుసు. ఎత్తు నుంచి కిందికి పోవడం ఒంటికి తెలీదు. ఒక పండగ రోజు, అరటిపండు తిన్న చేత్తోనే, ఊరికే వచ్చే ఆటలో దాన్ని నేర్చుకున్నాడు.

తర్వాత ఆయనే ఒక దారి కనిపెట్టాడు. "ఆ దినం బెల్టుకి సెలవిస్తిమి కదా. బెల్టు లేకుండా అంచుకి పోయినాను. తప్పు నాదే. బెల్టు ఏసుకుని ఇంకోతూరి పోతే సరిపోతుందప్పా. అది నన్ను పట్టుకుంటుంది. పట్టుకున్నాక బయమేముండాది?"

వింటే మీకు నవ్వు వస్తుందేమో. మాకు రాలేదు. వదినకీ సబబుగానే తోచింది, ఆ బెల్టుకి నిమ్మకాయ దిష్టి తీసి ఇచ్చింది. సూపర్వైజరు కూడా, "ముడి ఎక్కడ జారిందో అక్కడే వేసుకోవాలంటారు, వెళ్ళి రండి" అన్నాడు. నాకూ అంతకంటే మంచి ఆలోచన తట్టలేదు. మా లోకంలో బెల్టు కంటే పైన ఎవరూ లేరు.

పనిదినం పొద్దున్నే వెళ్ళాం. ఆటల సెంటర్ ఖాళీగా ఉంది. ఆయన నడుముకి బెల్టు, తలకి హెల్మెట్, భుజాన తాడు చుట్ట చూసి ఆ అమ్మాయికి నవ్వాగలేదు.

"అంకుల్, ఇది జస్ట్ గేమ్ అంకుల్. ఇక్కడ అంత ఎత్తేమీ లేదు, ప్రామిస్."

"తెలుసమ్మా. ఈయనకి ఒక మొక్కు ఉండాది" అన్నాను.

పలక వెనకున్న ఇనుప స్తంభానికి నేనే తాడు కట్టాను. ఎప్పుడూ కట్టనంత బాగా కట్టాను. ఆయన లాగి చూసి, ఆవు మెడ నిమిరినట్టు నిమిరాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో పాత మనిషి కనిపించాడు. డబ్బా కట్టుకున్నాడు.

ఒక్క అడుగు కూడా వెయ్యకముందే తల వంచి చూసుకున్నాడు.

"అప్పా, నా బెల్టు యాడుండాది?"

"నడుముకే ఉండాదన్నా."

"కనపడలేదే."

"చేత్తో చూడు."

తడిమి చూసుకున్నాడు. "చేతికి తగులుతా ఉండాది. కంటికి లేదు." ఇంకా కిందికి వంగి చూసి, "నా నడుమే లేదప్పా ఈడ" అన్నాడు.

"తీసెయ్యన్నా, పోదాం."

"లేదు, ఉండు. అది పట్టుకుంటుంది."

నడిచాడు. ఈసారి పాలకి వెళ్ళినట్టు కాదు. చివర తిరిగాడు. తాడుని వేళ్ళతో పట్టుకుని, మంత్రం చదివినట్టు పెదాలు ఆడిస్తూ, వెనక్కి వాలాడు.

తాడు పట్టుకుంది. నేను కట్టిన ముడి ఇంత కూడా జారలేదు. కార్పెట్‌కి జానెడు పైన, నడుము బెల్టులో, ఏటవాలుగా ఆయన చక్కగా వేలాడుతున్నాడు. మా పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు చూపించదగ్గ వేలాడటం అది. కానీ డబ్బాలో ఆ కళ్ళు బెల్టుని చూడలేదు. తల పలక దాటగానే ఆట ఆయన్ని వదిలేసింది. ఒళ్ళు ఇక్కడ వేలాడుతూనే ఉంది, కళ్ళు కిందికి పోతూనే ఉన్నాయి, పైనుంచి కిందిదాకా, అన్ని అంతస్తులూ.

మొదటిసారి అరవనివాడు ఈసారి అరిచాడు.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి డబ్బా తీసింది. నీళ్ళు తెచ్చింది. "సారీ అంకుల్, సారీ అంకుల్" అంటూ ఏడ్చేసింది, ఆమె చేసిందేమీ లేకపోయినా. ఆయన నీళ్ళు తాగలేదు. బెల్టు కొక్కెం విప్పి చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పటి స్నేహితుడు మనకి ఎదురుగా నిలబడి అబద్ధం చెబితే ఎలా చూస్తాం, అలా.

మొదటిసారి కిందికి పోయినప్పుడు, బెల్టు లేదు కాబట్టే అన్న ఆశ ఒకటి మిగిలింది. రెండోసారి ఆ ఆశని కూడా మేమే తీసుకెళ్ళి ఆ స్తంభానికి కట్టి వచ్చాం.

వారం తర్వాత ఊరి చివర జిగణి దగ్గర కొత్త కంపెనీ భవనం. పన్నెండు అంతస్తుల అద్దం. నేను పైన ఆయన్ని పక్కకి లాగాను.

"అన్నా, ఈ పొద్దు నువ్వు కింద ఉండు. కోన్లు పెట్టి జనాన్ని ఆపు. నేను ఇంకోన్ని తీసుకుని దిగతాను."

"కింద పెట్టేకి నేనేం బకెట్టా?" అన్నాడు.

అంత రోషంగా మాట్లాడితే బాగుపడ్డాడేమో అనుకున్నాను. కొక్కెం నేనే చూశాను. అంచు దాటాడు. ఒక అంతస్తు దిగాడు. రెండు. నేను పక్క తాడు మీద, ఆయన మీద కన్ను వేసి, కొత్త సినిమా హీరోల నడకల మీద ఏదో వాగుతున్నాను. పైనుంచి మూడో అంతస్తు దగ్గర ఆయన వైపర్ కిందికి పోయింది. నడుముకి కట్టిన దారానికి వేలాడుతూ నిలిచింది. ఆయన రెండు అరచేతులూ అద్దానికి ఆనించేశాడు. తాడు వదిలే పిడి పక్కన ఊరికే ఊగుతోంది.

"అన్నా?"

పిచ్చుక గుండెలా ఆయన చొక్కా కొట్టుకుంటోంది.

లోపల కూర్చున్నవాళ్ళు కొందరు లేచి వచ్చారు. ఒకడు వీడియో తియ్యడానికి ఫోన్ ఎత్తాడు. ఎవరో ఒకావిడ వాడి చెయ్యి దించి, గబగబా పరదా కిందికి లాగేసింది. ఆమె ఎవరో నాకు తెలీదు, ఆమెకి ఈ రోజుకీ దండం పెడతాను. పరదా పడగానే కిటికీ అద్దం మొహం చూసుకునే అద్దంలా అయింది, మేమిద్దరం అందులో కనిపించాం.

"చూడన్నా, అద్దంలో చూడు! నీ బెల్టు కనపడతా ఉండాది. ఎర్రగా, నడుముకే."

ఆయన చూశాడు. చాలా నెమ్మదిగా, "ఆ దినం కూడా నడుముకే ఉండింది కదప్పా" అన్నాడు.

నేను పుట్టినప్పటి నుంచి నోటి మీద బతికినవాణ్ణి. ఆ రోజు ఉన్న జోకులన్నీ వాడేశాను. మా హెడ్మాస్టర్ గొంతు అనుకరించాను, సూపర్వైజరు కార్పెట్‌ని కావలించుకోవడం నటించాను. ఏ ఒక్కటీ ఆయన దాకా చేరలేదు. పైనుంచి సూపర్వైజరు గొంతు వినిపిస్తోంది, "ఏమైందయ్యా, లాగమంటారా?" లాగితే ఆ కుదుపుకే ఈయన ప్రాణం పోయేలా ఉంది.

నేను కాళ్ళతో అద్దాన్ని తన్ని ఊగి, ఆయన తాడు పట్టుకుని పక్కకి చేరాను. భుజానికి భుజం తగిలింది.

"కండ్లు మూసుకో అన్నా."

"మూసుకుంటే మళ్ళీ అదే కనపడుతుంది."

"కనపడనీ. కండ్లు చెప్పేది ఇనొద్దు. అవి ఆ దినం అబద్ధం చెప్పినాయి. చేతులు చెప్పలేదు కదా? నీ చేతికి తగిలింది కదా బెల్టు?"

"తగిలింది" అన్నాడు.

"ఆ చెయ్యి ఇట్లియ్యి."

అద్దం మీంచి ఒక్కొక్క వేలూ ఊడదీశాను. ఆ చేతిని పిడి మీద పెట్టి, దాని మీద నా చెయ్యి పెట్టాను. కొంచెం వదిలాం. ఆగాం. కొంచెం వదిలాం. మా ఇన్నేళ్ళ జతలో నేను నోరు మూసుకుని మొదలుపెట్టిన ఒకే ఒక్క దిగుడు అది. మధ్యలో ఒకచోట ఆయనే, "మాట్లాడప్పా, నువ్వు ఉండావో లేదో తెలీదు" అన్నాడు. అప్పుడు మా బళేపేట అంగళ్ళ వరస చెప్పుకుంటూ వచ్చాను. మీ నాయన గాజుల అంగడి, దాని పక్కన కుంకుమ అంగడి, దాని పక్కన తీగల అంగడి, సందు మలుపులో టీ. ఒక్కో అంతస్తుకి ఒక్కో సందు. కింద కాళ్ళు తగిలాయి. ఆయన మోకాళ్ళు ఇంకా మడిచే ఉన్నాయి, కూర్చున్న భంగిమలోనే.

"వచ్చేసినామన్నా."

"నిజంగానా?"

"నిజంగా."

కళ్ళు తెరవలేదు. వంగి, అరచేత్తో సిమెంటు నేలని తడిమి చూశాడు. అచ్చం ఆ కార్పెట్‌ని తడిమినట్టే.

తర్వాత ఆయన మళ్ళీ పైకి ఎక్కలేదు. సూపర్వైజరు మంచివాడు, కింద ఉండే పనే ఇచ్చాడు. కానీ ఎత్తైన భవనం పక్కన నిలబడి పైకి చూస్తే చాలు, ఆయన తూలిపోయేవాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దీనికి వైద్యం ఉంది, కొద్దికొద్దిగా భయం తగ్గించవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. ఆమె గది రెండో అంతస్తులో. మొదటిరోజు మెట్ల మలుపు దాకా ఎక్కి, అక్కడే కూర్చుండిపోయాడు. ఆమె తనే కిందికి దిగి వచ్చి, చెట్టు కింద బెంచీ మీద కూర్చుని మాట్లాడింది. కొన్నాళ్ళకి ఆ మలుపు దాటి పైకి కూడా వెళ్ళగలిగాడు. అంతలో వదినకి ఒంట్లో బాగోలేక రాకపోకలు తగ్గాయి, మెల్లగా ఆగిపోయాయి. వైద్యం పనిచెయ్యలేదని మాత్రం అనకండి. మీలో ఎవరికైనా ఇలా ఉంటే సిగ్గుపడకుండా వెళ్ళండి. బెల్టుకి దిష్టి తియ్యడం కంటే అదే మేలు.

బళేపేట ఇల్లు కూడా వదిలేశారు. తన ఇంటికి తాను ఎక్కలేని మనిషి ఎన్నాళ్ళుంటాడు? తాతల నాటి సందుని వదిలి ఊరి బయట అత్తిబెలెలో నేల మీది ఇల్లు చూసుకున్నారు. ముందు గదిలో చిన్న గాజుల అంగడి. తాళ్ళు పట్టిన ఆ మొద్దు వేళ్ళతో ఆడపిల్లల చేతులకి గాజులు తొడుగుతుంటే, ఒక్కటి కూడా చిట్లదు. వాళ్ళ నాయన పని మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది.

నేను మానేశాక ఒకసారి వెళ్ళాను. వదిన టీ ఇచ్చింది. అంగట్లోకి ఎక్కడానికి ఒక మెట్టు ఉండేది, దాన్ని కూడా సిమెంటు పోసి ఏటవాలుగా చేయించారు. అంగడి ముందు ఒక గద్ద ఎగిరితే ఆయన తల ఎత్తి చూడలేదు. దాని నీడ నేల మీద పోతుంటే, దాన్నే చూశాడు.

ఇలాంటప్పుడు నాకు తెలిసిన మందు ఒకటే కదా, నోరు తెరిచాను.

"ఏది ఏమైనా అన్నా, ఒకటి ఒప్పుకో. నిన్ను నేల మీదికి బద్రంగా దించిన మొనగాణ్ణి నేనే. ఇన్నేండ్ల సర్వీసులో నేను చేసిన పెద్ద పని అదొక్కటే. నీ చెయ్యి పట్టుకుని దించినానా లేదా?"

ఆయన గాజుల గుత్తి ఒకటి తీసుకుని, దారం ముడిని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"జిగణి బిల్డింగు మీంచి దించినావు, కాదని ఎవురంటారు?" అన్నాడు. "ఆ పలక మీంచి పోయినోడు మాత్రం ఇంకా నేలకి రాలేదప్పా."